గట్టు పోతోంది, ఎదుటి ఒడ్డున మేట వేస్తోంది

ప్రశ్న: మాది తాళ్లరేవు దగ్గర ఊరు. పాయ ఒడ్డున రొయ్యల చెరువు ఉంది. ఐదేళ్లలో మా గట్టు ఇరవై అడుగులు కోసుకుపోయింది. అవతలి ఒడ్డున మాత్రం కొత్తగా మేట వేసి మడ మొక్కలు లేస్తున్నాయి. ఒకే నీరు ఇక్కడ తిని అక్కడ పెడుతుందా? బండరాళ్లు పోయించమంటున్నారు. పోయించనా?
- ఒక పాఠకుడు

జవాబు: రాళ్ల సంగతి తర్వాత. ముందు బురద గుణం తెలియాలి. కాకినాడ రేవు చుట్టూ లోతులు కొలిచే పడవలో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి, బురద గురించి నన్ను కదిపితే ఆగను.

ఇసుక రేణువు బరువైనది, నీటి ఊపు తగ్గితే కింద పడుతుంది. బంకమట్టి రేణువు మిల్లీమీటరులో 250వ వంతు కూడా ఉండదు. మంచినీళ్లలో రోజుల తరబడి తేలుతూనే ఉంటుంది. వరదరోజుల్లో మా అమ్మ ఎర్రనీళ్ల బిందెలో పటిక తిప్పేది. కాసేపటికి మట్టి ముద్దకట్టి అడుగుకు చేరేది. గోదారి నీరు ఉప్పునీటిని కలిసే చోట జరిగేది కూడా దాదాపు అదే. ఉప్పు తగలగానే ఒండ్రు ముద్దకడుతుంది. పోటు ఆగి పాటు మొదలయ్యే లోపు నీరు కదలకుండా నిలిచే ఆ కాసేపట్లో దిగిపోతుంది. ఒకసారి దిగి గట్టిపడ్డాక, తెచ్చిన నీరే దాన్ని మళ్లీ లేపలేదు. అంతకన్నా జోరు కావాలి. అందుకే మేట వేసిన చోటే ఇంకా మేట వేస్తుంది. దాని మీద మడ మొలిచిందా, బురదలోంచి పైకి పొడుచుకొచ్చే దాని ఊపిరి వేళ్లు నీటి వేగాన్ని ఇంకా తగ్గిస్తాయి.

మీ ఒడ్డు వంపుకి బయటివైపు ఉందనుకుంటాను. జోరంతా అటే. నీరు గట్టు అడుగున తొలుస్తుంది, పైన మట్టి పెళ్లలుగా విరిగిపడుతుంది. చెరువు తవ్వినప్పుడు గట్టు ముందున్న మడ చెట్లు కొట్టించారా? ఉత్తరంలో ఆ మాట రాయలేదు మీరు.

కొత్త మేటను చూసి నేల అనుకోకండి. ఓసారి నేను గట్టిగా ఉందనుకుని పడవ దిగి నడుం దాకా దిగబడ్డాను. పడవలో బల్ల అడ్డంగా వేసి లాగారు. అలాంటి చోట తాడుకి కట్టిన సీసం గుండు వదిలితే ఒక లోతు, ఎకో సౌండర్ (శబ్దం కిందికి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో లోతు కొలిచే యంత్రం) పెడితే ఇంకో లోతు వచ్చేది. సౌండర్ పలచటి బురద పైపొరనే అడుగనుకునేది, గుండు దాన్ని చీల్చుకుని పోయేది. ఏ అంకె రాయాలో తెలియక మా ఆఫీసులో ఎన్ని తగవులో! ఆ పలచటి బురదే కెరటాన్ని మింగి తీరాన్ని కాపాడుతుంది కూడా. దక్షిణ అమెరికాలో అమెజాన్ బురద గయానా, సురినామ్ తీరం వెంట దిబ్బలుగా ఏటా కిలోమీటరు నుంచి ఐదు కిలోమీటర్ల దాకా నడుస్తుంది. దిబ్బ ముందున్నంత కాలం తీరం పెరుగుతుంది, అది దాటిపోగానే కోత మొదలవుతుంది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. తర్వాత ఎగువన జలాశయాలు వరసగా వచ్చాయి. ఒండ్రులో చాలా భాగం అక్కడే ఆగిపోతోంది. కోసుకుపోయినదాన్ని పూడ్చే మట్టి మునుపటంత రావడం లేదు.

ఇక రాళ్లు. వద్దు. బరువుకి బురదలో దిగబడతాయి. పైగా నీరు రాయికి కొట్టుకుని మళ్లి దాని కిందే తవ్వుతుంది. ఇండొనేసియాలో జావా ఉత్తర తీరాన డెమాక్ దగ్గర మడ నరికి చెరువులు తవ్వారు, సముద్రం ఊళ్లలోకి వచ్చింది. అక్కడ గుంజలు పాతి మధ్య కంప నింపిన దడులు కట్టారు. నీరు లోపలికి వెళ్లి బురద వదిలి బయటికొస్తుంది. అయితే అది కెరటాలు నెమ్మదిగా తగిలే చోటి వైద్యం, వంపు జోరు ముందు దడి నిలవదు. నా మాట వింటే గట్టును వెనక్కి జరిపి, ముందు జాగా మడకి వదిలేయండి. చెరువు కొంత పోతుంది, నిజమే. కట్టే ముందు అటవీ శాఖ వారిని అడగండి.

ప్రశ్న: బర్మాలో మా తాతగార్ని ‘కొరంగీ’ అని పిలిచేవారట. కోరింగలో అంత పెద్ద రేవుండేదా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఉండేదమ్మా. అక్కడ ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. అక్కడి నుంచి వెళ్లినవాళ్ల మూలంగా బర్మాలో తెలుగువాళ్లందరికీ ఆ పేరే పడింది. 1789లో, మళ్లీ 1839లో తుపాను ఉప్పెన ఊరిని ముంచింది. దానికి తోడు పాయ పూడుకుపోయి పెద్ద ఓడలు రావడం మానేశాయి, వ్యాపారం కాకినాడకు మారింది. అక్కడా అంతే. హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అడ్డుపడి అఖాతంలో కెరటం తగ్గింది, కెరటం లేని చోట బురద దిగుతుంది. అందుకే లంగరు రేవులో ఓడలు దూరాన ఆగేవి, సరుకు బార్జీల మీద వచ్చేది.