గట్టు తెగుతోందా? ముందు అలుగు ఎక్కడుందో చూడండి

అడిగినది ఇదీ: అనంతపురం జిల్లాలో ఐదెకరాల ఎర్రనేల, వేరుశనగ చేను. జేసీబీతో రెండడుగుల గట్టు పోయించినా పెద్ద వాన పడ్డప్పుడల్లా కింది మూలే తెగుతోంది. ఆ మూలన సిమెంటు గోడ కట్టిస్తే ఆగుతుందా?

ఆగదు. గోడ నిలబడుతుంది, దాని పక్కన మట్టి తెగుతుంది. గోడ కట్టకుండానే అసలు పని చేయించుకోవచ్చు. కాకపోతే ముందు ఆ మూలే ఎందుకు తెగుతోందో చూడాలి.

లెక్కకోసం చేను అడ్డం 100 మీటర్లు, వాలు వెంట 200 మీటర్లు అనుకుందాం. వాలు నూటికి రెండు. గంటలో 50 మి.మీ. వాన దంచింది. మొదటి పది పదిహేను నిమిషాలు నేల తాగుతుంది. ఆ తర్వాత చినుకుల దెబ్బకు పెళ్లలు చితికి, సన్న మట్టి రంధ్రాలను మూసేసి పైన పొర కడుతుంది. జానెడు లోతున మన్ను ఇంకా పొడిగానే ఉంటుంది, నీళ్లు మాత్రం పైనే పారడం మొదలుపెడతాయి. అందులో 20 మి.మీ. పారిందనుకున్నా గట్టు దగ్గరికి చేరేది 400 ఘనపు మీటర్లు, అంటే 4 లక్షల లీటర్లు.

గట్టు ఈ కొస నుంచి ఆ కొస వరకు సమమట్టంలో ఉంటే, 60 సెం.మీ. ఎత్తుతో అంచు దాకా 900 ఘనపు మీటర్లు ఆపగలదు. కానీ మీ గట్టు హద్దురాళ్ల వెంట వేసింది, మట్టం చూసి వేసింది కాదు. రెండు కొసల మధ్య అర మీటరు తేడా ఉందనుకోండి. కింది మూలన నీళ్లు అంచు తాకేసరికి పై కొసన 10 సెం.మీ. కూడా దాటవు. అదే గట్టు అప్పుడు పట్టేది సుమారు 360 మాత్రమే. మిగిలినదంతా ఆ మూల మీదుగానే దూకాలి. పైగా జేసీబీ వదులుగా పోసిన మట్టి వానకు ఐదో వంతు దాకా దిగొచ్చు, కాబట్టి అంచు అనుకున్న దానికంటే ముందే మునుగుతుంది. బెత్తెడు గాడి పడితే చాలు, ఆగి ఉన్న నీళ్లన్నీ దాంట్లోకే తోసుకొచ్చి గట్టుతో పాటు కింది నేలను కూడా తవ్వేస్తాయి. వంక పుట్టేది అలాగే. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు మన్ను పోయిందంటే 4 ఘనపు మీటర్లు, ట్రాక్టరు ట్రాలీకి మించిన సరుకు. అది కూడా పై మెత్తటి మట్టే.

ఇక చేయాల్సినవి. మేస్త్రులు వాడే పారదర్శక నీళ్ల పైపు ఒకటి, అంగుళాలు గీసిన కర్రలు రెండు తీసుకుని గట్టు పొడవునా మట్టం చూడండి. పైపులో గాలి బుడగ ఉంటే కొలత తప్పు వస్తుంది, దాన్ని వెళ్లగొట్టాకే చదవండి. తేడా తేలాక గట్టుకు పైవైపున, గట్టు నుంచి వాలు మీదికి 5, 6 మీటర్ల పొడవున అడుగెత్తు అడ్డకట్టలు వేయాలి. నీళ్లు అరలు అరలుగా ఆగుతాయి, అన్నీ ఒకే మూలకు చేరవు. గట్టుకు మట్టి తీసిన గుంటలను కూడా కలిపేయకూడదు. 5 మీటర్లకొకచోట మట్టి వదిలేయాలి, లేకపోతే ఆ గుంటే కాలువై నీళ్లను మూలకు మోస్తుంది. గుంటకూ గట్టు పాదానికీ మధ్య కనీసం అడుగు నేల ఉండాలి.

తర్వాత అలుగు, అంటే ఎక్కువైన నీళ్లు గట్టు తెగకుండా దాటిపోయేలా రాళ్లతో కట్టే చోటు. తెలంగాణలో మత్తడి అంటారే, అదే. అలుగు లేని గట్టు పెద్ద వానకు తనే ఒకచోట అలుగు చేసుకుంటుంది. దాన్నే మనం తెగడం అంటున్నాం. అలుగు మట్టం నేల నుంచి అడుగు, గట్టు అంచు అక్కడి నుంచి ఇంకో అడుగు పైన. ఆ అడుగులో సగం నీళ్లు అలుగు మీదుగా పారడానికి, సగం భద్రతకు. వెడల్పు ఎకరానికి రెండడుగుల చొప్పున, ఐదెకరాల నీళ్లూ ఒకేచోటికి వస్తే పదడుగులు. పోసిన మట్టి మీద కట్టకండి, గట్టి నేల చూసి అడుగు లోతు పునాది తీసి రాళ్లు పేర్చండి. రెండు పక్కలా గట్టులోకి అడుగున్నర చొప్పించాలి. రాళ్లకు పైవైపున గరుసు వేసి కొట్టాలి, లేదంటే సందుల్లోంచి మన్ను జారిపోతుంది. కిందవైపు నీళ్లు దూకే చోట ఐదడుగుల దాకా రాళ్లు పరవాలి. అన్నిటికంటే ముఖ్యం, అలుగు అంచు దారం పట్టినట్టు సమంగా ఉండాలి. నీళ్లు పక్క చేలోకి వెళ్తాయంటే ఆ రైతుతో ముందే మాట్లాడుకోండి, వానలో కొట్లాట కంటే నయం.

తెగిన చోట మాత్రం ట్రాలీ మట్టి కుమ్మరించి వదిలేయకండి. ఒండ్రు తీసేసి, రెండు పక్కలను మెట్లుగా కోసి, తడిపి, అర అడుగు పొరలుగా దిమ్మిస కొట్టుకుంటూ రావాలి. దిమ్మిస కొట్టి గట్టిపడ్డాక అంచు వెడల్పు 40 సెం.మీ., ఎత్తు 60 సెం.మీ., పాదం వెడల్పు 2.2 మీటర్లు ఉంటే ఎర్రమట్టి నిలుస్తుంది. పోసిన మట్టి ఘనపు మీటర్ల లెక్కన డబ్బు కట్టే పనుల్లో ఎత్తు మీద ఉన్న శ్రద్ధ దిమ్మిస మీద, అలుగు మీద ఎవరికీ ఉండదు.

ఇంతా చేసి గట్టు ఒక్కటే అయితే సగం పనే. 200 మీటర్ల వాలుకు అడుగున ఒకే గట్టు ఏం సరిపోతుంది? నూటికి రెండు వాలులో గట్లు 40 మీటర్ల దూరాన పడాలి, అవి సమమట్టంలో ఉండాలి. అప్పుడు ఒక్కొక్కటి అలుగు మట్టం దాకానే, తన పైనున్న 40 మీటర్ల నుంచి పారి వచ్చే 56 మి.మీ. నీటిని ఆపుతుంది. అన్నీ ఒకేసారి కుదరకపోతే పైనుంచి మొదలుపెట్టండి, కింద నుంచి కాదు.

అసలు దోషం పంపకాల్లో ఉంది. మంచి నేల, చెడ్డ నేల అందరికీ సమంగా రావాలని అన్నదమ్ములు చేలను వాలు వెంట పట్టీలుగా చీల్చుకుంటారు. పట్టీ పొడుగ్గా ఉంటే ట్రాక్టరు డ్రైవరు మలుపులు తగ్గుతాయని నిలువునే దున్నుతాడు. ప్రతి చాలూ ఒక కాలువ! వాలుకు అడ్డంగా దున్నితే మలుపులు పెరిగి కొంత డీజిలు ఎక్కువ కాలుతుంది, కాలనివ్వండి. విత్తేటప్పుడు 11 సాళ్ల వేరుశనగకు ఒక కంది సాలు పెట్టి, కంది పక్కన 3.6 మీటర్లకొక చాలు తీస్తే (30 సెం.మీ. సాళ్లు పన్నెండు) వాన అక్కడక్కడే ఆగుతుంది.

ఇంకొకటి ఎవరూ పట్టించుకోరు. వేరుశనగ పీకాక నేల గుల్లబారి, మీద ఆకు కూడా లేకుండా ఉంటుంది. ఈశాన్య రుతుపవనం వచ్చేది సరిగ్గా అప్పుడే. కట్టె (కాయ తీశాక మిగిలిన వేరుశనగ మొక్కలు) మొత్తం పశువులకే తోలేయకుండా కొంత చేలో పరిచినా, తేమ ఉంటే ఉలవలు చల్లినా అక్టోబరు, నవంబరు వానలకు నేలకు కప్పు ఉంటుంది.

గట్టు మీద వట్టివేరు గానీ అంజన్ గడ్డి గానీ తొలకరిలో పెట్టండి. వట్టివేరు పిలకల మధ్య అర అడుగుకు మించి ఖాళీ వదిలితే ఆ సందులోంచే నీళ్లు దారి చేసుకుంటాయి. గట్టు మీద కంది వేస్తే కోయండి, పీకకండి. వేసవిలో గట్ల మీద గడ్డికి నిప్పు పెట్టే అలవాటు మాత్రం మానాలి, ఎలుకలు పోతాయని చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు. నిప్పుకు గడ్డి పోతుంది, బొరియలు అలాగే ఉంటాయి. వాటిని తవ్వి మట్టి కూరి దిమ్మిస కొట్టాల్సిందే.

కర్నూలు వైపు నల్లరేగడి వాళ్లు ఇదంతా అలాగే చేయకండి. ఆ మట్టి ఎండకు బీటలిస్తుంది, సమమట్టపు గట్టు మొదటి వానకే బీటల్లోంచి కారి తెగుతుంది. అక్కడ గట్టుకే నూటికి 0.2 నుంచి 0.4 వాలు ఇచ్చి, కొసన గడ్డి పెరిగిన కాలువలోకి నీటిని మెల్లగా వదలాలి.