డ్రా అడిగితే ముందు బోర్డు చూడు

చిన్నీ,

చెస్ ఓపెన్ టోర్నమెంట్‌కి పేరిచ్చావని మీ నాన్న చెప్పాడు. ఆనందంతో పాటు దిగులూ పట్టుకుంది. స్విస్ పద్ధతిలో మొదటి రౌండ్‌లోనే రేటింగ్ (ఆట బలాన్ని చెప్పే పాయింట్లు) వరసలో పై సగంవాళ్లని కింది సగంవాళ్లతో ఆడిస్తారు. నీకెదురుగా పెద్ద రేటింగ్ ఉన్నవాళ్లే కూర్చుంటారు.

ఫోన్ నాన్నకి ఇచ్చెయ్, హాల్లో మోగితే ఆట పోయినట్టే. ముట్టుకున్న పావే ఆడాలి. తిని వెళ్లు.

నా భయమల్లా డ్రా గురించే. ఇంటర్ రోజుల్లో మీ నాన్న ఒక పేరున్న ఆటగాడితో రూక్ ఎండింగ్ దాకా, అంటే రాజులూ ఏనుగులూ బంట్లే మిగిలే ఆఖరి దశ దాకా వచ్చాడు. మనవాడికి ఒక బంటు ఎక్కువ, అదీ ఆరో వరుసకి చేరింది. టైమ్ కూడా ఉంది. ఆయన ఎత్తు వేసి, నవ్వుతూ "డ్రా?" అని చెయ్యి చాచాడు. వాడు బోర్డు చూడలేదు, ఆయన మొహమే చూశాడు. అంతటివాణ్ణి కాదంటే బాగోదని చెయ్యి కలిపేశాడు. తాడు అవతల నిలబడ్డ నేను నోరు విప్పకూడదు కదా! బయటికొచ్చాక ఆయనే, రాజుని ఏ గడికి జరిపితే మనవాడు గెలిచేవాడో చూపించాడు. ఇంటికొచ్చేదాకా బస్సులో వాడు ఒక్క మాట మాట్లాడలేదు, పాపం.

నీకూ ఆ మొహమాటమే వచ్చింది. చుట్టాలు వడ్డిస్తుంటే వద్దనలేక విస్తరి నింపుకునే పిల్లవి! పెద్ద రేటింగ్ ఉన్నవాడు ఊరికే డ్రా అడగడు, తల్లీ. నీ వయసుకి కె, అంటే ఆటకి రేటింగ్ ఎంత మారాలో లెక్కగట్టే అంకె, 40 కాబట్టి, 200 పాయింట్లు ఎక్కువున్నవాడితో డ్రా చేస్తే 10 దాకా వస్తాయి, గెలిస్తే 30 దాకా. ఆ 10కి ఆశపడకు. నీ గడియారం నడవనీ, పొజిషన్ చూడు. నీదే బలహీనంగా ఉంటే సంతోషంగా ఒప్పుకో. బాగుంటే నోటితో కాదనక్కర్లేదు. ఆడదలచిన పావు ముట్టుకుంటే చాలు, ఆఫర్ తిరస్కరించినట్టే. ఫిడే, అంటే అంతర్జాతీయ చెస్ సమాఖ్య రూలే అది.

తొందరపడి రిజైన్ కూడా చెయ్యకు, అంటే ఆట అవ్వకముందే ఓటమి ఒప్పేసుకోకు. 2025 జూన్‌లో నార్వే చెస్ టోర్నమెంట్‌లో కార్ల్‌సన్‌తో ఆడుతూ గుకేశ్ చాలాసేపు ఓడిపోయే పొజిషన్‌లోనే ఉన్నాడు. టైమ్ అయిపోవస్తున్న తొందరలో కార్ల్‌సన్ 52వ ఎత్తుకి గుర్రాన్ని తప్పుగా ఆడి, చేతిలో ఉన్న ఆట పోగొట్టుకున్నాడు. అదీ ప్రపంచ నంబర్ వన్!

రౌండ్ అయ్యాక స్కోరు షీట్ ఫోటో పంపించు, ఓడినా సరే. కాస్త అర్థమయ్యేలా రాయి, బంగారం. పోయినసారి నీ ఎత్తులు పోల్చుకోలేక సగం ఆట దగ్గరే ఆగిపోయాను.

మీ అత్త