జీతం లేని గాయకుల ఆపెరా

ప్రశ్న: న్యూయార్క్‌లో మా అబ్బాయితో పనిచేసే ఒకావిడ, ఉద్యోగం చేసుకుంటూనే బ్లూ హిల్ ట్రూప్ అనే ఔత్సాహిక బృందంతో కలిసి హాస్య ఆపెరాలలో, అంటే పాటలతో నడిచే నాటకాలలో, పాడుతున్నారట. జీతభత్యాలు లేని ఇలాంటి బృందం ఎలా పుట్టింది, ఇన్నేళ్ళు ఎలా నిలిచింది?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆ బృందం 1924లో పుట్టింది, అయితే న్యూయార్క్‌లో కాదు. అమెరికా ఈశాన్య కొసన ఉన్న మెయిన్ రాష్ట్రంలో బ్లూ హిల్ అనే సముద్రతీర గ్రామం ఉంది. వేసవి గడపడానికి అక్కడ చేరినవారు ‘హెచ్.ఎం.ఎస్. పినఫోర్’ అనే ఆపెరాను ఒక విహారనౌక మీద సరదాగా ప్రదర్శించారు. ఆ కథ ఆద్యంతం యుద్ధనౌక డెక్కు మీదే జరుగుతుంది కనుక వారికి వేరే రంగాలంకరణతో పెద్దగా పని లేకపోయింది. ఆ సరదా వేసవితో ముగిసిపోకుండా క్రమంగా న్యూయార్క్ నగరంలో స్థిరమైన సంస్థగా రూపుదిద్దుకుంది.

వారు ఆ ఆపెరానే ఎంచుకోవడం వెనుక పాత చరిత్ర ఉంది. ఇంగ్లండుకు చెందిన గిల్బర్ట్ మాటలు రాయగా సల్లివన్ సంగీతం కూర్చిన ‘పినఫోర్’ 1878 మే 25న లండన్‌లో మొదలై, అదే ఏడాది నవంబరులో బోస్టన్ చేరింది. విదేశీ రచనలకు అప్పటి అమెరికా చట్టంలో రక్షణ లేనందువల్ల, కర్తలకు పైసా చెల్లించకుండానే ఊరూరా ప్రదర్శనలు వెలిశాయి. చర్చి గాయకులూ, చివరికి పిల్లలూ దాన్ని ఆడారు. కర్తలకు జరిగిన అన్యాయం చిన్నది కాదు. అందుకే వారు తమ తర్వాతి ఆపెరా ‘పైరేట్స్ ఆఫ్ పెన్జాన్స్’ను 1879 డిసెంబరు 31న స్వయంగా న్యూయార్క్‌లోనే ప్రారంభించారు. అయితే ఆ అన్యాయం వల్లనే, వృత్తి గాయకులు కానివారు కూడా ఈ పాటలు పాడవచ్చునన్న ధైర్యం సామాన్యులకు కలిగిందని నా అభిప్రాయం.

ఇక బృందం నిలవడానికి ముఖ్య కారణం, నా దృష్టిలో, వారు ఆడే గిల్బర్ట్, సల్లివన్ రచనల నిర్మాణంలోనే ఉంది. వాటిలో కోరస్ అంటే వెనక నిలబడి వంత పాడే గుంపు కాదు. ‘పినఫోర్’లో మగవారి కోరస్ నావికులైతే, ఆడవారి కోరస్ నౌకాదళ మంత్రిగారి వెంట వచ్చే అక్కచెల్లెళ్ళు, వరసైన బంధువులు, అత్తలు, కథలో వారందరికీ స్థానం ఉంది. కథానాయిక పాత్రకు శిక్షణ పొందిన గొంతు కావాలి గాని, శ్రుతి తప్పకుండా పాడగలిగిన ఇరుగుపొరుగువారు ఎందరో కోరస్‌లో ఒదిగిపోతారు. పైగా గిల్బర్ట్, సల్లివన్ కలిసి చేసినవి 14 ఆపెరాలే. 1871 నాటి మొదటిదాని సంగీతం చాలావరకు దొరకనందున ఆడదగినవి 13 మాత్రమే. అవే కొన్నేళ్ళకొకసారి తిరిగి వస్తాయి కాబట్టి, ఒకప్పుడు కోరస్‌లో పాడినవారు తర్వాత పెద్ద పాత్రకు ఎదిగే అవకాశం ఉంటుంది, పాతవారి అనుభవం కొత్తవారికి అందుతుంది.

ఇంగ్లండులో పరిస్థితి వేరు. అక్కడ 1961 చివర గిల్బర్ట్ రచనల కాపీహక్కు ముగిసేవరకు ఔత్సాహికులు ప్రదర్శన హక్కులున్న డాయిలీ కార్ట్ సంస్థ అనుమతి తీసుకుని ఆడవలసి వచ్చేది. తరతరాలుగా ఈ ఆపెరాలనే ఆడిన ఆ వృత్తి సంస్థ ఖర్చులు భరించలేక 1982 ఫిబ్రవరిలో మూతపడింది. గాయకులకు జీతాలు ఇవ్వవలసిన సంస్థ ఆగిపోయినా, జీతం ఆశించని ఔత్సాహిక బృందాలు మాత్రం రెండు దేశాలలోనూ కొనసాగాయి.

ఔత్సాహికులన్న మాటను బట్టి వారి ప్రదర్శన అరకొరగా ఉంటుందని అనుకోవద్దు. బ్లూ హిల్ ట్రూప్ పూర్తి ఆర్కెస్ట్రాతో ఆడుతుంది. వేదిక మీద పాడేవారితోపాటు తెరవెనుక పనిచేసే సభ్యులూ ఉంటారు. ఖర్చులు పోగా మిగిలిన సొమ్మును సేవాసంస్థలకు ఇవ్వడం వారి సంప్రదాయం. నాటక పరిషత్తుల పోటీల కోసం ఉద్యోగాల తర్వాత రాత్రిళ్ళు రిహార్సల్ చేసే మన నాటక సమాజాలవారికి ఈ పద్ధతిని పరిశీలించమని మనస్ఫూర్తిగా సూచిస్తాను. టికెట్టు సొమ్ము ఏ ఆసుపత్రికో, బడికో చేరుతుందని ముందే చెబితే, నాటకం మీద అంతగా ఆసక్తి లేనివారు కూడా టికెట్టు కొనడానికి ముందుకు వస్తారు.