ఫీనిక్స్‌లో మా పెరటి గోడ మీద పరుగెత్తే పొడవు తోక పక్షి నెమలి పిల్లేనా?

కాదండీ. తల మీద జుట్టు, ఒంటి నిండా గోధుమ రంగు చారలు, ఎగరకుండా పరుగు అని రాశారు కాబట్టి అది రోడ్‌రన్నర్. నేను పక్కనే ఛాండ్లర్‌లో ఉంటాను, మా వీధిలో ఏడాది పొడవునా కనిపిస్తుంది.

రంగు చూసి గుర్తుపట్టాలంటే కష్టం, ఎండిన గడ్డిలో ఇట్టే కలిసిపోతుంది. తోక చూడండి. ఒంటి పొడవు సుమారు 55 సెంటీమీటర్లయితే అందులో సగం తోకే. పరుగెత్తేటప్పుడు అది నేలకు సమాంతరంగా ఉంటుంది, ఆగగానే పైకి లేచి నెమ్మదిగా దిగుతుంది. దూరం నుంచి నాకు ఈ ఒక్కటి చాలు. గాంబెల్ క్వెయిల్ అనే ఇక్కడి కౌజు పిట్ట కూడా నేల మీదే పరుగెడుతుంది కానీ అది గుండ్రంగా ఉంటుంది, గుంపుగా తిరుగుతుంది. రోడ్‌రన్నర్ దగ్గరికొస్తే దాని కంటి వెనక ఈకలు లేని చర్మం నీలంగా, చివర నారింజ ఎరుపుగా కనిపిస్తుంది.

పక్షి కనిపించకపోయినా మట్టిలో అడుగులు వెతకండి. రెండు వేళ్లు ముందుకు, రెండు వెనక్కి ఉంటాయి కాబట్టి అచ్చంగా ఇంటూ మార్కులా పడతాయి. ఎటు వెళ్లిందో తేలదు. అందుకే ఈ గుర్తు దుష్టశక్తులను దారి తప్పిస్తుందని ఇక్కడి ప్యూబ్లో అనే అమెరికా ఆదివాసీ ప్రజల నమ్మకం. మన ఊళ్లలో పొదల కింద నడిచే జెముడుకాకి గుర్తుందా? అదీ ఇదీ ఒకే కోకిల కుటుంబం. కానీ రోడ్‌రన్నర్ కోకిలలా గుడ్లను కాకి గూట్లో పెట్టి పోదు, చోయా కాక్టస్ లాంటి ముళ్ల మధ్య తనే గూడు కట్టి పిల్లల్ని పెంచుతుంది.

చలికాలం పొద్దున్నే సూర్యుడికి వీపు పెట్టి, ఈకలు విప్పి కదలకుండా నిలబడితే దెబ్బ తగిలిందని టెన్షన్ పడకండి. రాత్రి దాని ఒంటి వేడి తగ్గిపోతుంది, వీపు మీది నల్ల చర్మానికి ఎండ తగిలితే మళ్లీ వేడెక్కుతుంది. అప్పుడు మాత్రం దగ్గరికి వెళ్లి తరమకండి, దయచేసి.

మీ పెరట్లోకి అది వచ్చేది తేళ్లు, బల్లులు, చిన్న పాముల కోసం. తేళ్ల భయంతో చాలామంది బయట జిగురు అట్టలు పెడుతున్నారు. వాటికి అతుక్కున్న బల్లి కోసం వచ్చి ఇదీ ఇరుక్కుంటుంది. అలాంటివి ఉంటే ఈ రోజే తీసేయండి, ఇంటి లోపల పెట్టుకోండి.