కాంపెన్సేటర్ బిగిస్తే బ్యారెల్ పొడవు పెరిగినట్టేనా?

లెక్కలోకి రాదండీ. గ్లాక్ 19 పిస్టల్ బ్యారెల్ (గొట్టం) 102 మిల్లీమీటర్లే కాబట్టి ముందు కాంపెన్సేటర్ (కాల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నడం, అంటే రీకాయిల్, తగ్గించడానికి మూతికి బిగించే భాగం) బిగిస్తే 105 మిల్లీమీటర్ల పరిమితి దాటుతుంది కదా, ఆ తర్వాత కెనడాకి తెచ్చుకోవచ్చా అని మీరు అడిగారు. అక్కడి క్రిమినల్ కోడ్ ప్రకారం కొలత బ్యారెల్ మూతి నుంచి ఛాంబర్‌తో (తూటా కూర్చునే భాగం) కలిపి మాత్రమే, రీకాయిల్ తగ్గించడానికి తగిలించినవేవీ అందులో కలపరు. 105 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఆ హ్యాండ్‌గన్ (చేతి తుపాకీ) నిషేధిత తుపాకే. గ్లాక్ కంపెనీ కెనడా కోసం 106 మిల్లీమీటర్ల బ్యారెల్ చేసిందే అందుకు. .32 క్యాలిబర్ (తూటా సైజు) అయితే, అంతర్జాతీయ పోటీలకు వాడే కొన్ని మోడళ్లు తప్ప, బ్యారెల్ ఎంత పొడవున్నా నిషేధమే.

అసలు చిక్కు వేరే ఉంది: 2022 ఆగస్టు నుంచి మామూలు వ్యక్తులు హ్యాండ్‌గన్ దిగుమతి చేసుకోలేరు, అక్టోబర్ 21 నుంచి కొనడం, చేతులు మారడం కూడా ఆగిపోయాయి, మినహాయింపులు చాలా తక్కువ. దయచేసి బ్యారెల్ మీద డబ్బు పెట్టకండి, సరిహద్దు దాకా అసలు తీసుకెళ్లకండి, ముందు కెనడియన్ ఫైర్ఆర్మ్స్ ప్రోగ్రామ్‌కి (అక్కడ తుపాకుల లైసెన్సులు చూసే ప్రభుత్వ విభాగం) ఫోన్ చేయండి.