తప్పు చేసిన కొడుకును ఊరు దాటించకండి

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం. పది రోజుల క్రితం బైకు దొంగతనం కేసులో పట్టుబడ్డాడు. పంతొమ్మిదేళ్ల స్నేహితుడితో కలిసి ఒక అపార్టుమెంటు ముందున్న బండి తీసుకెళ్లి, విడిభాగాలు అమ్మారట. నాలుగు రోజులు జువైనల్ హోమ్‌లో ఉండి బెయిలు మీద వచ్చాడు. ఇంటికి రాగానే మా వారు బెల్టుతో కొట్టారు. అప్పటి నుంచి తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. కాలేజీ మాన్పించి, కేసు చల్లారేదాకా మా అన్నయ్య వాళ్ల ఊరికి పంపేద్దాం అంటున్నారు. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. విచారణకు అధికారి ఇంటికి వస్తారట, ఏం చెప్పాలో తెలియడం లేదు. వాడి బతుకు ఇక ఇంతేనా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మీ అబ్బాయి బతుకు ఇక్కడితో అయిపోలేదు. ధైర్యం కోసం చెబుతున్న మాట కాదిది, చట్టంలో ఉన్నదే. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఇవ్వడాన్ని ఒక మూలసూత్రంగా పెట్టుకుంది. మామూలు దొంగతనం కింద కేసు పెట్టి ఉంటే గరిష్ఠ శిక్ష మూడేళ్లు కాబట్టి ఇది ఆ చట్టం లెక్కలో చిన్న నేరమే. పెద్దవాళ్లలా విచారించే అవకాశం పదహారు నిండిన పిల్లలు హత్య, అత్యాచారం లాంటి ఘోర నేరాలకు పాల్పడినప్పుడే ఉంటుంది. పంతొమ్మిదేళ్ల స్నేహితుడి కేసు మామూలు కోర్టులో విడిగా నడుస్తుంది. మీవాడి కేసు జువైనల్ జస్టిస్ బోర్డు ముందు ఉంటుంది. అక్కడ మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు, వారిలో ఒకరైనా మహిళ ఉండాలి. విచారణ నాలుగు నెలల్లో ముగించాలి, తప్పనిసరైతే మరో రెండు నెలలు. నేరం రుజువైనా దాని వల్ల చదువుకు, ఉద్యోగానికి అనర్హత రాదు. కేసు ముగిశాక నడవడిక ధ్రువపత్రం కోసం కూడా పోలీసులు ఆ వివరాలు బయటపెట్టకూడదు.

ఇక ఊరికి పంపే సంగతి. దయచేసి ఆ పని చేయకండి. బోర్డు పిలిచిన ప్రతి వాయిదాకూ హాజరుపరుస్తామని, కనిపెట్టి ఉంటామని మీరిచ్చిన మాట నమ్మి, మీవాణ్ణి మీ చేతికి అప్పగించారు. చెప్పకుండా ఊరు దాటిస్తే బెయిలుకే ముప్పు. నాకు అంతకన్నా భయం కలిగించేది వేరే ఉంది. నాన్నకు ముఖం చూపించలేక, కాలేజీ లేక, మేనమామ ఇంట్లో దొంగ అనే చూపుల మధ్య మెలిగే కుర్రాడికి ఆదరంగా పలకరించే మనిషి ఎవరు మిగులుతారు? ఆ పంతొమ్మిదేళ్ల స్నేహితుడో, అలాంటి మరొకడో. కాలేజీకి రేపటి నుంచే పంపండి. పేరు, ఫోటో పత్రికల్లో, టీవీల్లో రావడం చట్టప్రకారం నేరం. కాబట్టి కాలేజీలో అందరికీ తెలిసిపోతుందన్న భయంతో చదువు మాన్పించకండి.

ఇంటికి వచ్చే ప్రొబేషన్ అధికారి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులు తడబడేది ఇక్కడే. ఇల్లు సర్ది, పిల్లవాడికి జవాబులు వల్లె వేయించి, "మా ఇంట్లో ఏ గొడవలూ లేవండీ" అంటారు. ఆ అధికారి దొంగతనాన్ని రుజువు చేయడానికి రారు. సాయంత్రాలు ఎవరితో తిరుగుతాడు, కాలేజీకి ఎప్పటి నుంచి ఎగ్గొడుతున్నాడు, చేతిలో డబ్బు ఎక్కడిది, ఇంట్లో ఎవరితో మనసు విప్పుతాడు, దెబ్బలు పడతాయా అని అడుగుతారు. ఆ అధికారి ఇచ్చే నివేదికను చూసే బోర్డు ఏం చేయాలో నిర్ణయిస్తుంది. మందలించి పంపవచ్చు, కౌన్సెలింగ్‌కు వెళ్లమనవచ్చు, సామాజిక సేవ చేయించవచ్చు, మంచి నడవడికతో మెలగాలనే షరతుతో మీ పర్యవేక్షణలో ఉంచవచ్చు (దీన్నే ప్రొబేషన్ అంటారు). అవసరమనిపిస్తే ప్రత్యేక గృహానికి, అంటే నేరం చేసిన పిల్లల్ని ఉంచి దిద్దే హోమ్‌కు, గరిష్ఠంగా మూడేళ్లు పంపే అధికారమూ ఉంది. అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బెల్టు సంగతి కూడా. దాచిపెట్టిన ఇంటికంటే, "మాకు చేతకావడం లేదు, సాయం చేయండి" అని అడిగిన ఇంటికే వాణ్ణి ధీమాగా అప్పగించగలరు.

ఈ పేరా మీ వారికి చదివి వినిపించండి. అయ్యా, మీ కోపం నాకు అర్థమవుతుంది. ఇన్నేళ్లు పరువుగా బతికిన ఇంటి ముందు పోలీసులు నిలబడితే గుండె మండుతుంది. కానీ బెల్టు దెబ్బకు పిల్లవాడు నేర్చుకునేది మీకు తెలియకుండా తప్పు చేయడమే. పైగా పిల్లల్ని అలా హింసించడం అదే చట్టం కింద నేరం. మాటలు మీరే మొదలుపెట్టండి. హోమ్‌లో ఆ నాలుగు రోజులూ ఎలా గడిచాయి, తిన్నావా, పడుకున్నావా, ఎవరైనా ఏమైనా చేశారా అని అడగండి. అతను చెప్పేదాంట్లో అనుమానించాల్సింది ఉంటే బోర్డు దృష్టికి తీసుకెళ్లండి.

మీ ఉత్తరంలో ఆ బండి యజమాని ప్రస్తావనే లేదు, అది నన్ను బాధపెట్టింది. ఆయన ఆ బండి మీదే పనికి వెళ్లేవాడేమో, దానికి ఇంకా వాయిదాలు కడుతున్నాడేమో. మీ అబ్బాయిని కూర్చోబెట్టి, మర్నాడు పొద్దున ఆ మనిషి కిందకు దిగి వచ్చి బండి లేదని చూసుకున్నప్పుడు ఏం చేసి ఉంటాడో చెప్పమనండి. తొందరపెట్టకుండా వినండి. నష్టపరిహారం విషయంలో మాత్రం మీరు నేరుగా ఆయన ఇంటికి వెళ్లకండి. కేసు నడుస్తుండగా వెళితే ఒత్తిడి పెట్టినట్టు అవుతుంది. న్యాయవాది ద్వారా బోర్డుకే చెప్పండి. బోర్డు ఒప్పుకుంటే ఆ డబ్బులో కొంతైనా వాడు సెలవుల్లో పని చేసి ఇచ్చేలా చూడండి.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే అప్పు చేయకండి. పిల్లలకు న్యాయ సహాయం ఉచితం. మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి. వాయిదాకు పదో తరగతి ధ్రువపత్రం తీసుకెళ్లండి, వయసుకు అదే ముఖ్యమైన ఆధారం. అమ్మాయి పెళ్లి విషయంలో, చూడవచ్చే ప్రతి వాళ్లకూ ఈ కేసు చెప్పాల్సిన అవసరం లేదు. సంబంధం ఖాయమయ్యే దశకు వస్తే, ఎవరికి ఎంత చెప్పాలో మీ అమ్మాయినే అడగండి. ఆ మాట జరిగేటప్పుడు తమ్ముణ్ణి కూడా పక్కనే ఉండనివ్వండి.