ఇంటర్‌లో 144 వచ్చిన అమ్మాయికి రియల్ అనాలిసిస్ ఎందుకు ఎక్కడం లేదు?

ప్రశ్న: వరంగల్ దగ్గర డిగ్రీ కాలేజీలో బీఎస్సీ మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్ రెండో ఏడాది చదువుతున్నాను. ఇంటర్ సెకండియర్‌లో మ్యాథ్స్ రెండు పేపర్లూ కలిపి 150కి 144 వచ్చాయి. ఇప్పుడు రియల్ అనాలిసిస్ అస్సలు ఎక్కడం లేదు. సార్ బోర్డు మీద చేస్తుంటే అర్థమైనట్టే ఉంటుంది, రూమ్‌కొచ్చి రాయబోతే మొదటి లైన్ కూడా రాదు. జామ్ ఎంట్రన్స్ రాసి ఐఐటీలో ఎమ్మెస్సీ చేయాలని ఉంది. నాన్న బీఈడీ చేసి డీఎస్సీకి చదువుకోమంటున్నారు. అసలు మ్యాథ్స్ నాకు సరిపడదా?

జవాబు: ఈ ఒక్క పేపర్ చూసి సరిపడదని తేల్చేయకమ్మా. అలాగని ఆ 144 చూసి సరిపడుతుందనీ అనుకోకు, ఎందుకంటే ఆ మార్కులు వేరే పనికి వచ్చినవి. ఇంటర్‌లో లిమిట్ ఎంత, ఇంటిగ్రల్ వేల్యూ ఎంత అని అడుగుతారు, ఫార్ములా గుర్తుండి చెయ్యి తిరిగితే ఆన్సర్ వచ్చేస్తుంది. రియల్ అనాలిసిస్ అంటే ఆ కాల్‌క్యులస్ కింది పునాదిని నిరూపించే సబ్జెక్టు, ఇక్కడ ఆన్సర్ ముందే ఇచ్చేసి ఎందుకో చెప్పమంటారు. 1/ఎన్ అనే సీక్వెన్స్ సున్నాకి వెళ్తుందని నీకు తెలుసు, మీ సార్‌కీ తెలుసు, అయినా నిరూపించమంటారు. ఇందులో నిరూపించడానికి ఏముంది అనిపిస్తుంది చూడు, మొదటి లైన్ రాకపోవడానికి కారణం అదే.

ఆ ఒక్క లెక్కనే నిదానంగా చూడు. ఎదుటివాళ్లు ఎప్సిలాన్ అంటూ ఎంత చిన్న పాజిటివ్ నంబర్ ఇచ్చినా సరే, ఫలానా పదం దాటాక మిగతావన్నీ సున్నాకి ఆ దూరం లోపలే ఉంటాయని నువ్వు చూపించాలి. 0.01 ఇస్తే 100వ పదం దాటితే చాలు, 0.0001 ఇస్తే 10,000 దాటాలి, అంటే 1/ఎప్సిలాన్ కంటే పెద్ద పూర్ణసంఖ్య ఒకటి పట్టుకుంటే పని అయిపోయినట్టే. అలాంటి పూర్ణసంఖ్య ప్రతిసారీ దొరుకుతుందని గ్యారంటీ ఏంటి? దానికే ఆర్కిమీడియన్ ప్రాపర్టీ. అది కూడా ఊరికే రాలేదు, ఎగువ హద్దు ఉన్న, ఖాళీ కాని ప్రతి రియల్ నంబర్ల సెట్‌కీ లీస్ట్ అప్పర్ బౌండ్ (ఎగువ హద్దుల్లో అన్నిటికన్నా చిన్నది) ఉంటుందనే ప్రాపర్టీ నుంచి వచ్చింది. మొదటి యూనిట్‌లో ఎందుకొచ్చిన గోల అనుకుని వదిలేసింది ఇదే అయ్యుంటుంది, చాలామంది వదిలేస్తారు.

ఎవరు ముందు ఇస్తారు, ఎవరు తర్వాత ఇస్తారు అన్నదే ఈ సబ్జెక్టులో సగం. ఎప్సిలాన్ ముందు వస్తుంది, దాన్ని చూసి నువ్వు జవాబిస్తావు. కంటిన్యుటీ అంటే ఎక్స్ కొంచెం కదిలితే ఫంక్షన్ విలువ కూడా కొంచెమే కదలడం. విలువ ఎప్సిలాన్ దాటకుండా ఎక్స్ ఎంతలోపు కదలొచ్చో చెప్పే నంబరే డెల్టా. మామూలు కంటిన్యుటీలో ఎప్సిలాన్‌తో పాటు పాయింట్ కూడా చూసుకుని డెల్టా ఇవ్వొచ్చు, యూనిఫాం కంటిన్యుటీలో పాయింట్ తెలియకముందే డెల్టా ఇచ్చేయాలి. తేడా అంతే. మొత్తం రియల్ లైన్ మీద ఎక్స్ స్క్వేర్ తీసుకో, ఎక్స్ పెరిగేకొద్దీ డెల్టా తగ్గించుకుంటూ పోవాలి, అన్ని పాయింట్లకీ సరిపోయే డెల్టా దొరకదు, కాబట్టి కంటిన్యువస్సే గానీ యూనిఫాం కాదు. ఈ వాక్యాలు ముందు తెలుగులోనే నీకు నువ్వు చెప్పుకో, ఇంగ్లిష్‌లో రాయడం తర్వాత సంగతి.

ఇంకోటి, నీకొక్కదానికే ఆలస్యమవుతోందని బెంగ వద్దు. న్యూటన్, లైబ్నిజ్‌లు కాల్‌క్యులస్ కనిపెట్టింది 17వ శతాబ్దంలో, దాని కింద ఈ పునాది పడటం మొదలైంది 19వ శతాబ్దంలో. కోషీ అంతటి గణితవేత్త 1821 నాటి తన పాఠ్యపుస్తకంలో, కంటిన్యువస్ ఫంక్షన్లని వరసగా కూడుతూ పోయే సిరీస్ కన్వర్జ్ అయితే (ఒక విలువకి చేరుకుంటే) వచ్చే మొత్తం కూడా కంటిన్యువస్సే అని రాసేశాడు. 1826లో అబెల్ అనే మరో గణితవేత్త ఒక సైన్ సిరీస్ చూపించి దీనికి మినహాయింపులున్నాయన్నాడు. అక్కడ లోపించింది కూడా ఈ యూనిఫాం సంగతే, అంటే అన్ని పాయింట్లకీ ఒకేలా సరిపోయేలా కన్వర్జ్ కావడం.

మరి చదవడం ఎలా? గైడ్‌లో ఇంపార్టెంట్ ప్రూఫులు బట్టీ పడితే సెమిస్టర్ గట్టెక్కుతావు, కాదనను, కానీ జామ్‌కి అది పనికిరాదు. జామ్‌లో ప్రూఫ్ రాయమనరు. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు, అందులో 10 ప్రశ్నలకి ఒకటికి మించి సరైన ఆప్షన్లు ఉండొచ్చు, అన్నీ పట్టుకుంటేనే మార్కులు. కిందివాటిలో ఏవి నిజం అన్నప్పుడు, తప్పు ఆప్షన్‌ని పడగొట్టే ఉదాహరణ నీ దగ్గర రెడీగా ఉండాలి. అందుకే ఉదాహరణల కోసం విడిగా ఒక నోట్‌బుక్ పెట్టు. బౌండెడ్ (హద్దులు దాటనిది) అయినా కన్వర్జ్ కానిది: 1, -1, 1, -1. పదాలు సున్నాకి వెళ్లినా మొత్తం ఆగనిది: 1 + 1/2 + 1/3 + 1/4... (1/3, 1/4 కలిపితే సగం దాటుతుంది, తర్వాతి నాలుగూ కలిపితే మళ్లీ సగం దాటుతుంది, అలా ఎంతకీ ఆగదు). క్లోజ్డ్ ఇంటర్వల్ మీద కంటిన్యువస్ ఫంక్షన్‌కి గరిష్ఠ విలువ ఉంటుందనే థీరమ్ చదివావా, వెంటనే క్లోజ్డ్ అన్న మాట తీసేసి చూడు, సున్నాకీ ఒకటికీ మధ్య 1/ఎక్స్ దగ్గర అది కూలిపోతుంది. ప్రతి థీరమ్‌కీ ఇలా ఒక్కో షరతు పీకి చూడటం అలవాటైతే ప్రూఫ్‌లో ఏ లైన్ ఎందుకుందో దానంతటదే తెలుస్తుంది. ఆ తర్వాతే పుస్తకం మూసి రాయి, ఆగిన చోట ఒక్క లైన్ చూసి మళ్లీ మూసెయ్. ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఉచిత పాఠాలున్నాయి, బాగుంటాయి, కాకపోతే వీడియో చూడటం కూడా సార్ బోర్డు మీద చేస్తుంటే చూడటం లాంటిదే, రాయకపోతే ఏమీ మిగలదు. బీఎస్సీ వాళ్ల కోసం ఎండాకాలంలో జరిగే ఎంటీటీఎస్ అనే మ్యాథ్స్ శిక్షణకి అప్లై చెయ్, అక్కడ చెప్పడం తక్కువ, అడగడం ఎక్కువ.

నాలుగో సెమిస్టర్ అయ్యేదాకా ఇలా చేసి చూడు. ప్రూఫ్ సొంతంగా వచ్చిన రోజు హుషారుగా అనిపిస్తే ఎమ్మెస్సీ వైపు వెళ్లు, ఎందుకంటే అక్కడా, తర్వాత లెక్చరర్, రీసెర్చ్ అర్హత పరీక్ష సీఎస్‌ఐఆర్ నెట్‌లోనూ అనాలిసిస్ నుంచి తప్పించుకోలేవు. చేయగలుగుతున్నా విసుగే వస్తుంటే ఎంసీఏకి వెళ్లు, అక్కడ దీని అవసరం పడదు, మొహమాటపడాల్సిన పనేం లేదు. స్టాటిస్టిక్స్‌కి పారిపోదామని మాత్రం అనుకోకు, ప్రాబబిలిటీ లోతుకి వెళ్తే మళ్లీ ఇదే ఎదురవుతుంది.

ఇక మీ నాన్నగారి మాట. ఆయన చెప్పింది తీసిపారేయాల్సింది కాదు. జామ్ ఫిబ్రవరిలో ఉంటుంది, ఫైనలియర్‌లో ఉండగానే రాయొచ్చు, వరంగల్ ఎన్ఐటీ ఎమ్మెస్సీకీ ఆ స్కోరే. బీఈడీ ఎంట్రన్స్ ఎడ్‌సెట్ దాని తర్వాత వస్తుంది, ఓయూ, కేయూ పీజీ సీట్ల ఎంట్రన్స్ సీపీగెట్ కూడా అంతే. కాబట్టి జామ్ రిజల్ట్ చూసుకునే ఎడ్‌సెట్ రాయొచ్చని ఆయనకి చెప్పు, ముందే గొడవ పడకు.